చదువుకూ ఒక ఖాయిదా వుంది

అయిదో తరగతికి వచ్చిన పిల్లవాడు రెండో తరగతి వాచకంలోని నాలుగు వాక్యాలు చదవలేకపోతే తప్పు ఎవరిది? మనలో చాలామంది చప్పున ఇచ్చే జవాబు ఒక్కటే: "వాడికి బుర్ర లేదు." ఆ మాట ఇంట్లో అంటాం, బంధువుల ముందు అంటాం, పిల్లవాడు వింటుండగానే అంటాం. కొన్నాళ్లకు వాడూ అదే నమ్ముతాడు. మరికొన్నాళ్లకు పుస్తకాల సంచీ గూట్లోకి చేరుతుంది, పిల్లవాడు మెకానిక్ షెడ్డుకో కుట్టుమిషను దగ్గరికో చేరతాడు. ఆడపిల్ల అయితే వంటింటికి చేరుతుంది. చేతిపనిని మేము తక్కువ చేయడం లేదు. హలాలైన సంపాదన ఏ పనిలో వున్నా గౌరవమే. కాని ఒక బిడ్డ తనకు ఇష్టమై పనిలోకి వెళ్లడం వేరు, అక్షరం చేతిలో ఓడిపోయి వెళ్లడం వేరు.

ఈ ఓటమి ఒక్క మన ఇళ్లలోనే లేదు. 'ప్రథమ్' సంస్థ వెలువరించే 'అసర్' నివేదిక 2024లో చెప్పిన లెక్క ప్రకారం గ్రామీణ భారతంలో అయిదో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠాన్ని చదవగలిగినవారు 48.7 శాతం. మూడో తరగతి వారిలోనైతే 27.1 శాతమే. అంటే అయిదేళ్లు బడికి వెళ్లినా సగం మందికి పైగా పిల్లలకు చదవడం రాలేదన్నమాట. సగం మంది పిల్లలకు బుర్ర లేదని ఎవరైనా అనగలరా? లోపం పిల్లల్లో లేదు. వారికి నేర్పే తీరులో వుంది.

ముస్లిం పిల్లలందరూ మదర్సాలకే వెళతారని బయట ఒక అపోహ వుంది. 2006 నాటి సచార్ కమిటీ నివేదిక దాన్ని కొట్టివేసింది. బడి ఈడు ముస్లిం పిల్లల్లో మదర్సాలలో చదువుతున్నవారు నూటికి నలుగురికి మించరని తేల్చింది. మిగిలిన వారంతా అందరి పిల్లల్లాగే మామూలు బడుల్లోనే వున్నారు. కనుక బడి చదువులో చదవడం, రాయడం ఎలా అబ్బుతున్నాయన్నది మన సమాజానికి పక్క విషయం కాదు, మన పిల్లల భవిష్యత్తు మొత్తం దాని మీదే ఆధారపడి వుంది.

మొదటి ఆదేశం

హిరా గుహలో దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) వారిపై అవతరించిన తొలి వాక్కు 'ఇఖ్రా'. చదువు అన్న ఆజ్ఞ. ఆ వెంటనే వచ్చిన ఆయతుల్లోనే కలం ప్రస్తావన వుంది. ఈ మాట మనం ఎన్నో జుమా ఖుత్బాలలో విన్నాం, ఎన్నో సభల్లో చెప్పుకున్నాం. అయితే ఆజ్ఞను కీర్తించడంతో మన బాధ్యత తీరదు. ఆ ఆజ్ఞను ఆచరణలో ఎలా పెట్టారో కూడా చూడాలి.

హిజ్రీ 2వ సంవత్సరంలో బదర్ యుద్ధం జరిగింది. పట్టుబడ్డ ఖైదీల్లో పరిహారం చెల్లించలేని వారున్నారు. వారిలో చదవను రాయను వచ్చినవారు మదీనా పిల్లలకు, ఒక్కొక్కరు పదేసి మందికి, చదువు నేర్పితే అదే వారి విడుదలకు మూల్యమని నిర్ణయించారు. నిన్నటి దాకా కత్తి పట్టి ఎదురు నిలిచినవారిని పిల్లలకు పంతుళ్లుగా కూర్చోబెట్టారు. మస్జిదె నబవీలో సుఫ్ఫా అనే అరుగు వుండేది. అక్కడి వారికి హజ్రత్ ఉబాదా బిన్ సామిత్ (రజి) ఖుర్ఆన్‌తో పాటు రాత కూడా నేర్పేవారు. హజ్రత్ షిఫా బిన్తె అబ్దుల్లాహ్ (రజి) అనే మహిళ విశ్వాసుల మాత హజ్రత్ హఫ్సా (రజి) గారికి రాయడం నేర్పారు. హజ్రత్ జైద్ బిన్ సాబిత్ (రజి) దైవప్రవక్త (స) ఆజ్ఞ మేరకు యూదుల లిపిని పక్షం రోజుల్లో నేర్చుకున్నారు. ఈ నాలుగు ఉదంతాల్లో నాలుగు పాఠాలున్నాయి. చదువు ఎవరి దగ్గర వున్నా తీసుకోవాలి. చదవడంతో పాటు రాత కూడా రావాలి. ఆడవారికీ రావాలి. ఇతరుల లిపి నేర్చుకోవడం తప్పు కాదు, అవసరం.

మసీదులో వున్న పద్ధతి

ఇక నేర్పే తీరు దగ్గరికి వద్దాం. చదవడం నేర్పే విషయంలో ప్రపంచమంతటా చాలాకాలం వాదోపవాదాలు జరిగాయి. పిల్లల చుట్టూ పుస్తకాలుంచితే చదువు దానంతట అదే వస్తుందని కొందరన్నారు. పదాన్ని బొమ్మలాగా మొత్తంగా గుర్తుపట్టించాలని మరికొందరన్నారు. అక్షరానికీ ధ్వనికీ వున్న సంబంధాన్ని వరుస క్రమంలో, విడమరచి నేర్పాలని ఇంకొందరన్నారు. 2000లో అమెరికాలో ఒక జాతీయ నిపుణుల సంఘం అప్పటివరకు జరిగిన పరిశోధనలను పరిశీలించి మూడో మార్గానికే బలం చేకూర్చింది. మాటల్లోని ధ్వనులను వేరుచేసి వినగలగడం, అక్షరాన్ని ధ్వనితో కలపడం, తడుముకోకుండా చదవడం, పదసంపద, అర్థగ్రహణం అనే అయిదింటినీ అది మూలస్తంభాలుగా గుర్తించింది. చిన్న చిన్న మెట్లుగా విభజించి, ఒక మెట్టు గట్టిపడ్డాకే రెండోది ఎక్కించి, పాతదాన్ని రోజూ మళ్లీ తిరగేస్తూ నేర్పే ఈ విధానాన్నే నేడు క్రమబద్ధమైన అక్షర బోధన అంటున్నారు.

విదేశీ నిపుణులు చెబితే గొప్పగా వినిపిస్తుంది గాని, ఈ క్రమం మనకు కొత్తది కాదు. అసర్ నమాజు తర్వాత మన మసీదులో పిల్లలు చదివే నూరానీ ఖాయిదానే తీసుకోండి. అందులో మొదట ముఫ్రదాత్, అంటే విడి అక్షరాలు. తర్వాత మురక్కబాత్, కలిపి రాసిన అక్షరాలు. ఆ పైన జబర్, జేర్, పేష్. ఆ తర్వాత తన్వీన్, మద్, జజ్మ్, తష్దీద్. ఒక తఖ్తీ అప్పగిస్తేగాని ఉస్తాద్ గారు రెండో తఖ్తీ ఇవ్వరు. ఈరోజు సబఖ్ చెప్పేముందు నిన్నటిది వినిపించాల్సిందే. బిడ్డ 'బే జబర్ బ' అంటూ హిజ్జే చేసి, తర్వాత కలిపి పలుకుతాడు. ఖాయిదా అన్న మాటకు అర్థమే నియమం, పునాది. అరబీ ఒక్క ముక్క తెలియని బిడ్డ ఏడాది రెండేళ్లలో ఖుర్ఆన్ ప్రతి తెరిచి ఎక్కడి నుంచైనా చదవగలుగుతున్నాడంటే ఆ ఘనత ఈ క్రమానిదే.

మరి అదే బిడ్డ, అదే నోటితో, ఇంటా వీధిలో మాట్లాడుతున్న తెలుగును ఎందుకు చదవలేకపోతున్నాడు? బడిలో పాఠాలు పరుగెడుతుంటాయి. అక్షరాలు నిలవకముందే గుణింతాలు, గుణింతాలు నిలవకముందే ఒత్తులు, అవి రాకముందే పెద్ద పెద్ద పాఠాలు. తరగతిలో అందరూ కోరస్‌గా చెబుతుంటే మన పిల్లవాడు కూడా పెదవులు కదుపుతాడు. పాఠం మొత్తం అప్పగిస్తాడు. అందులోని ఒక పదం మీద వేలు పెట్టి అడిగితే మాత్రం చెప్పలేడు. కంఠతా వచ్చింది గాని చదువు రాలేదు.

తెలుగులోనూ అవే మెట్లు

ఖాయిదా చదివిన ప్రతి తల్లీ తెలుగు నేర్పే పద్ధతిని ఇప్పటికే ఎరుగును. ఆమెకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు, అంతే. జబర్ చేసే పనిని తెలుగులో తలకట్టు చేస్తుంది. జేర్ చేసే పని గుడిది. పేష్ చేసే పని కొమ్ముది. మద్ అంటే దీర్ఘం. జజ్మ్ అంటే పొల్లు. తష్దీద్ అంటే అదే అక్షరానికి అదే ఒత్తు. మసీదులో 'బే జేర్ బి' అన్నట్టే మన పెద్దలు పలక పట్టుకుని 'క గుడిస్తే కి, క కొమ్మిస్తే కు' అని చదివారు. పద్ధతి ఒకటే, లిపి వేరు.

ఈ పోలికను పట్టుకుని ఇంట్లో ఎలా నేర్పవచ్చో చూద్దాం. అక్షరం ముట్టుకోకముందే చెవిని సిద్ధం చేయాలి. 'గోదావరి' అని నాలుగు చప్పట్లతో పలికించండి: గో, దా, వ, రి. మొదట ఏ ధ్వని వచ్చింది, చివర ఏది వచ్చింది అని అడగండి. ఇది ఆటలాగే వుంటుంది గాని అక్షరానికి అసలైన పునాది ఇదే.

తర్వాత అక్షరాలు. 'అ' నుంచి 'ఱ' దాకా వరుసగా దిద్దించి, అప్పుడు పదాల దగ్గరికి రావాలంటే నెలలు పడుతుంది, ఈలోగా బిడ్డకు విసుగు పుడుతుంది. తలకట్టు అక్షరాలు అయిదారు వస్తే చాలు, పదాలు చదవవచ్చు. మన డెల్టాలో పిల్లలకు తెలిసిన మాటలే ఎన్ని లేవు! వల, అల, పడవ, కడవ, గడప, పలక. వీటిలో గుణింతం లేదు, ఒత్తు లేదు. నిన్న నేర్చిన అక్షరాలతో ఈరోజు ఒక మాట తానుగా చదివిన బిడ్డ ముఖం చూడండి. ఆ సంతోషమే రేపటి పాఠానికి బలం.

అరబీలో బే, తే, సే ఒకే ఆకారంలో వుండి నుక్తాలతో మారినట్టే తెలుగులోనూ పోలికలున్న అక్షరాలున్నాయి. వ, ప ల మధ్య తేడా తలకట్టు దగ్గరి చిన్న ఎడం. మ, య లను చూసి పిల్లలు తికమకపడతారు. ఇలాంటి జంటలను ఒకేరోజు నేర్పకూడదు. 'వ' చేతిలో నిలిచాక, కొన్నాళ్ల ఎడంతో 'ప' చెప్పాలి. ఆ తర్వాత రెంటినీ పక్కపక్కన పెట్టి తేడా చూపాలి.

గుణింతాలు కూడా ఒక్కపెట్టున పన్నెండూ వల్లెవేయించనక్కరలేదు. దీర్ఘం ఒక్కటే తీసుకుంటే తాత, మామ, కాకా, బాబా వచ్చేస్తాయి. అది నిలిచాక గుడి, ఆ పైన కొమ్ము. ప్రతి గుర్తుకూ పది పదాలు చదివించి, ఆ పదాలే చెప్పి రాయించాలి.

అందరికన్నా ఎక్కువ తొందర మనం ఒత్తుల దగ్గర పడుతున్నాం. ఎన్నో వాచకాలు 'అమ్మ'తో మొదలవుతాయి. మాట తీయనిదే, రాత మాత్రం తేలిక కాదు. తెలుగులో చాలా ఒత్తులు అసలు అక్షరాన్ని పోలి వుంటాయి. త, న, మ, య, ర, ల ఒత్తులు మాత్రం పోలిక లేకుండా మారిపోతాయి. అత్త, అన్న, అమ్మ, అయ్య, కర్ర, పిల్ల. ఇంట్లో రోజూ వాడే మాటల్లోనే కష్టమైన ఒత్తులు కూర్చున్నాయి. పైగా ఒత్తు కింద వుంటుంది గాని పైఅక్షరం తర్వాత పలకాలి. 'పత్రిక' అన్న మాటనే చూడండి. గుడి 'త' మీద వుంది. కాని ఆ 'ఇ' ధ్వని కింది 'ర' తర్వాత వస్తుంది. ఎవరూ విడమరచి చెప్పని బిడ్డ దాన్ని 'పతిరక' అని చదివితే మనం కసురుకుంటాం. నిజానికి ఆ బిడ్డ తనకు కనబడ్డ వరుసలోనే చదివాడు. కసురుకోవడం మాని, వేలు పెట్టి మూడు ధ్వనులనూ వరుసగా చూపితే నాలుగు రోజుల్లో దారిలో పడతాడు.

రాత సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. చూచిరాత మంచిదే, దస్తూరీ కుదురుతుంది. కాని చూచి రాసే బిడ్డ బొమ్మ గీసినట్టు గీయవచ్చు. మనం చెప్పగా విని, ధ్వనులను విడదీసి, అక్షరాలను తానుగా ఏర్చి రాసినప్పుడే అది రాత. రోజుకు అయిదు పదాలు చెప్పి రాయించండి, చాలు. తప్పు వస్తే కొట్టివేసి వదలకుండా, ఆ పదాన్ని మళ్లీ పలికించి ఎక్కడ తప్పిందో బిడ్డచేతనే పట్టించండి.

మూడు లిపుల బరువు

మన పిల్లల విషయంలో ఒక ప్రత్యేకమైన చిక్కు వుంది. గోదావరి జిల్లాల్లో కొన్ని ముస్లిం ఇళ్లలో ఉర్దూ మాట్లాడతారు, కొన్నింట్లో తరతరాలుగా తెలుగే మాట్లాడతారు. ఎవరి ఇంట్లో ఏ భాష వున్నా మసీదులో కుడి నుంచి ఎడమకు అరబీ, బడిలో ఎడమ నుంచి కుడికి తెలుగు, దాని పక్కనే ఇంగ్లీషు. ఆరేళ్ల బిడ్డ నెత్తిన మూడు లిపులు. ఇది మోయలేని బరువని మేము అనడం లేదు. మోయించే తీరు తెలియాలంటున్నాం.

ఉర్దూలో ఎ, ఒ అనే హ్రస్వాలకు వేరే అక్షరాలు లేవు, అర్థాన్ని మార్చే తేడాగా అవి చెవికి అలవాటు కావు. అందువల్ల ఉర్దూ మాట్లాడే ఇంటి బిడ్డకు మెడ, మేడ ఒకటిగా వినిపించవచ్చు. కొన, కోన ఒకటిగా వినిపించవచ్చు. కల, కళ ల తేడా కూడా అంతే. ఇక తెలుగు మాట్లాడే ఇంటి బిడ్డకు అరబీలోని జీమ్, జాల్, జే, జాద్, జోయ్ అన్నీ 'జ'గానే తోస్తాయి. ఇది తెలివితక్కువ కాదు. చెవికి అలవాటు లేని ధ్వని చేతికి రాదు. ఈ చిన్న సంగతి బడి టీచరుకూ మసీదు ఉస్తాద్‌కూ ఇద్దరికీ తెలిస్తే ఎన్ని దెబ్బలు తప్పేవి!

ఇంగ్లీషు మీడియం బడిలో వేశాం కదా, తెలుగు రాకపోతే ఏమని కొందరు తల్లిదండ్రులు అంటారు. ఫీజులు కట్టడానికి వారు పడే పాట్లు మేము ఎరుగుదుం. కాని ఒక్క మాట ఆలోచించాలి. ఇంగ్లీషులో అక్షరాలు 26, ధ్వనులు 44 దాకా వున్నాయి. ఒకే 'సి' అక్షరం ఒకచోట 'క', ఇంకోచోట 'స' అవుతుంది. తెలుగులో అలా కాదు, దాదాపు రాసినట్టే చదువుతాం. అక్షరం ధ్వనికి గుర్తు అన్న రహస్యం తెలుగులో త్వరగా బోధపడుతుంది. ఒకసారి అది బోధపడ్డ బిడ్డకు ఇంగ్లీషు కూడా తేలికవుతుంది. తెలుగు ఇంగ్లీషుకు అడ్డు కాదు, నిచ్చెన.

అర్థం తోడులేని చదువు

ఇక్కడ మన పద్ధతిలోని ఒక లోటును కూడా నిజాయితీగా ఒప్పుకోవాలి. మసీదులో నాజరా చదివిన బిడ్డ అక్షరాలను ధ్వనులుగా మార్చగలడు, అర్థం మాత్రం తెలియదు. ఖుర్ఆన్ పారాయణకు అర్థం తెలియకున్నా పుణ్యం వుంది. అది దాని ప్రత్యేకత. కాని అదే అలవాటు బడి పుస్తకానికి సోకితే నష్టమే. పిల్లవాడు గడగడా చదువుతాడు, ఏం చదివావురా అంటే నేల చూపులు చూస్తాడు. అక్షరం ఎంత గట్టిపడినా దాని పక్కన మాటలు, కథలు, ప్రశ్నలు పెరగకపోతే చదువు సగమే.

దీనికి పెద్ద ఏర్పాట్లు అక్కరలేదు. చదవడం రాని అమ్మీ కూడా కథ చెప్పగలదు. నానీ, దాదీ చెప్పే ప్రవక్తల గాథలు, పొలం కబుర్లు, గోదావరి వరదల సంగతులు బిడ్డకు మాటల మూటలు. రోజూ పత్రికలో ఒక చిన్న వార్త బిడ్డచేత చదివించి 'ఏమైంది? ఎందుకైంది?' అని రెండు ప్రశ్నలు అడిగితే చాలు.

చదువుకు అర్థం తోడైతే ఎంత శక్తి వస్తుందో మన రాష్ట్రమే చూసింది. 1990ల ఆరంభంలో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం నడిచింది. అక్కడి వాచకాల్లో సారా వల్ల చితికిన సంసారాల కథలున్నాయి. రాత్రిబడుల్లో ఆ పాఠాలు చదివిన దూబగుంట మహిళలు అక్కడితో ఆగలేదు, తమ వూరి సారా దుకాణాన్ని మూయించారు. ఆ నిప్పురవ్వ పెద్ద ఉద్యమమై, 1993లో రాష్ట్రమంతటా సారా నిషేధానికి దారితీసింది. తమ బతుకును అక్షరాల్లో చూసుకున్నవారు ఆ అక్షరాన్ని ఇక వదలలేదు.

తడబడే నాలుక

ఎంత ఓపికగా నేర్పినా కొందరు పిల్లలకు అక్షరాలు నిలవవు. మాటల్లో చురుకు, లెక్కల్లో చురుకు, పుస్తకం తెరిస్తే తడబాటు. దీన్ని డిస్లెక్సియా అంటారు. ఇది జబ్బు కాదు, మందబుద్ధి అంతకన్నా కాదు. మెదడు అక్షరాన్ని ధ్వనితో కలిపే పనిలో వున్న భిన్నత్వం. ఇలాంటి పిల్లలకు క్రమబద్ధమైన బోధన మరింత అవసరం. మెట్లు ఇంకా చిన్నవి కావాలి, పునశ్చరణ ఇంకా ఎక్కువ కావాలి, ఇసుకలో వేలితో దిద్దిస్తూ కంటితోనూ చెవితోనూ చేతితోనూ ఒకేసారి నేర్పాలి. 2016లో వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టం ఈ అభ్యసన వైకల్యాలను గుర్తించింది. నిర్ధారణ జరిగిన పిల్లలకు పరీక్షల్లో అదనపు సమయం వంటి సౌకర్యాలు వున్నాయి. అనుమానం వుంటే దాచుకోవద్దు. సిగ్గుపడవలసిన విషయం కాదిది.

ఖుర్ఆన్‌ను తడబడుతూ, కష్టపడుతూ చదివేవారికి రెట్టింపు పుణ్యం వుందని దైవప్రవక్త (స) శుభవార్త చెప్పారు. ఈ హదీసును మనం పెద్దల విషయంలో చెప్పుకుంటాం, పిల్లల విషయంలో మరచిపోతాం. అల్లాహ్ దగ్గర రెట్టింపు పుణ్యానికి పాత్రుడైన పసివాణ్ణి మన ముంగిట బెత్తంతో కొట్టడం ఏ న్యాయం? మొద్దు, గాడిద అన్న మాటలు పసి మనసు మీద బెత్తం వాతల కన్నా ఎక్కువ కాలం నిలుస్తాయి. బిడ్డ మనకు అప్పగించబడిన అమానత్. అమానత్‌ను అవమానించే హక్కు మనకు లేదు.

ఈ గడ్డ మీది వెలుగు

గోదావరి ఒడ్డున అక్షరానికి గొప్ప చరిత్ర వుంది. కందుకూరి వీరేశలింగం పంతులు గారు 1874లో ధవళేశ్వరంలో బాలికల పాఠశాల పెట్టారు. ఆడపిల్లకు చదువెందుకని వూరంతా అంటున్న రోజులవి. బిడ్డ మాట్లాడే భాషలోనే పాఠం వుండాలని పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు గారు సవరల భాష నేర్చుకుని, వారికోసం వాచకాలు రాసి, సొంత ఖర్చుతో బడి నడిపారు. ఆయన తన చివరి ఏళ్లలో రాజమండ్రిలో నివసించారు. ఖుర్ఆన్‌ను తెలుగులోకి తెచ్చిన డాక్టర్ చిలుకూరి నారాయణరావు గారిని మనం కృతజ్ఞతతో తలచుకోవాలి. పిఠాపురంలో పుట్టిన డాక్టర్ ఉమర్ అలీషా గారు (1885-1945) అరబీ, ఫార్సీ భాషలతో పాటు తెలుగులో పండితులై, ఉమర్ ఖయ్యామ్ రుబాయీలను తెలుగు పద్యాల్లోకి తెచ్చారు. తెలుగు చదివితే దీన్ దూరమవుతుందనే భయానికి, ఉర్దూ ఇంటివారికి తెలుగు రాదనే అపవాదుకు ఆయన జీవితమే జవాబు.

ప్రభుత్వం చేయవలసింది ప్రభుత్వం చేయాలి. 2021లో కేంద్రం ప్రారంభించిన నిపుణ్ భారత్ పథకం 2026-27 నాటికి మూడో తరగతి పూర్తిచేసే ప్రతి బిడ్డా అర్థం చేసుకుంటూ చదవగలగాలని లక్ష్యం పెట్టుకుంది. మన బడిలో అది ఎంతవరకు వచ్చిందని తల్లిదండ్రుల సమావేశాల్లో అడగడం మన హక్కు. మార్కులెన్ని అని అడగడం కాదు, మా బిడ్డ చదవగలుగుతున్నాడా అని అడగాలి. అయితే అడిగి వూరుకుంటే సరిపోదు. మన చేతిలో వున్నది మనం చేయాలి.

మసీదు కమిటీలకు మా విన్నపం ఇది. పిల్లలు ఎలాగూ సాయంత్రం మసీదుకు వస్తున్నారు. ఖాయిదా పాఠం అయ్యాక మరో అరగంట తెలుగుకు కేటాయించండి. ఒక నల్లబల్ల, పది పలకలు, కొన్ని బలపాలు. ఖర్చు ఇంతే. ఇంటర్, డిగ్రీ చదువుతున్న అబ్బాయిలు, అమ్మాయిలు ప్రతి వీధిలోనూ వున్నారు. మసీదులో వీలు కాని చోట ఎవరింటి వరండా అయినా చాలు. ఆడపిల్లలకు ఒక ఆపా ఇంటి ముంగిట కూర్చోబెట్టవచ్చు. వయసును బట్టి కాక, వచ్చిన మెట్టును బట్టి పిల్లలను జట్లు చేయండి. అయిదో తరగతి వాడు గుణింతాల దగ్గర ఆగిపోయి వుంటే గుణింతాల జట్టులోనే కూర్చోనివ్వండి. నెలకోసారి ఎన్నడూ చదవని నాలుగు వాక్యాలు రాసి ఇచ్చి చదివించండి. వచ్చింది రానిది అక్కడే తేలుతుంది.

తల్లిదండ్రులకు మా మనవి ఇంకా చిన్నది. ఈ రాత్రి బిడ్డ వాచకం తెరవండి. పాఠం మొదటి నుంచి చదివించకండి, అది కంఠతా వచ్చి వుండవచ్చు. చివరి వాక్యంలో చివరి పదం మీద వేలు పెట్టి అడగండి. తర్వాత దాని ముందు పదం. ఎక్కడ ఆగాడో గుర్తుపెట్టుకోండి. కోప్పడకండి. అదే రేపటి సబఖ్.

బదర్ ఖైదీలకు చదువు వచ్చు. ఆ చదువును పది మంది పిల్లలకు పంచాకే వారికి విడుదల దొరికింది. నేడు మనలో చదువుకున్నవారు, ఉద్యోగాలు చేస్తున్నవారు ఎవరికీ ఖైదీలు కారు. కాని వారి మీద కూడా ఒక రుణం వుంది. వారికి అక్షరం వచ్చింది, పక్కింటి బిడ్డకు రాలేదు. పదిమందికి నేర్పమని మేము అడగడం లేదు. ఒక్కొక్కరు ఇద్దరు ముగ్గురు పిల్లలను చేరదీసి, రోజుకో అరగంట కేటాయించినా ఏడాది తిరిగేసరికి మన వీధుల్లో పుస్తకం చూసి తల దించుకునే బిడ్డ వుండడు.

'ఇఖ్రా' అన్న ఆజ్ఞను విన్న సమాజం మనది. వినడంతో ఆగిపోకుండా దాన్ని మన పసివారి నాలుకకూ చేతికీ అందించే ఓపికను, జ్ఞానాన్ని అల్లాహ్ మనకు ప్రసాదించుగాక! ఆమీన్.